నాలుగు నిమిషాలు, రెండు చేతులు

సముద్ర కయాక్‌లో చేరిన నీటిని తోడే చేతిపంపు చూడటానికి సైకిల్ పంపుకు అన్నలా ఉంటుంది. దాన్ని మెరుగుపరచాలంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నీరు తోడేటప్పుడు తెడ్డు ఎవరు వేస్తారు?

కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ హౌరాకు బదులు షాలిమార్ నుంచి బయలుదేరడం మొదలయ్యాక విజయవాడ, రాజమండ్రి, విశాఖ ప్రయాణికులకు ఈ పేరు బాగా అలవాటైంది. అయితే ఇక్కడ రైలు దిగేవారిలో చాలామంది నేరుగా టాక్సీ ఎక్కి, విద్యాసాగర్ సేతు మీదుగా కోల్‌కతాకు వెళ్లిపోతారు. స్టేషన్ దాటి హుగ్లీ ఒడ్డుకు నడిచేవారు తక్కువ. నడిస్తే ఎదురయ్యేది పూర్తిగా పడవల ప్రపంచం. 1980లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం చేతికి వచ్చిన షాలిమార్ వర్క్స్ నౌకానిర్మాణ కేంద్రం ఇటువైపు ఉంది. నది దిగువన అవతలి ఒడ్డున నౌకాదళానికి యుద్ధనౌకలు కట్టే గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ ఉంది. ఆ రెండింటి మధ్య అటూ ఇటూ తిరిగే నాటుపడవలు ఎన్నో.

తెల్లవారగానే నాటుపడవ మనిషి చేసే మొదటి పని తెడ్డు పట్టడం కాదు. రాత్రంతా పలకల సందుల్లోంచి ఊరిన నీటిని సగానికి కోసిన ప్లాస్టిక్ డబ్బాతో ఎత్తిపోయడం. బెంగాలీలో ఈ తోడుగిన్నెకు 'సెవుతి' అని పేరు. 18వ శతాబ్దికి చెందిన భారత్‌చంద్ర కావ్యం 'అన్నదామంగళ్'లో పడవ ఎక్కిన అన్నపూర్ణాదేవి పాదాలు పెట్టుకున్నది ఈ సెవుతి మీదే. ఆమె పాదం సోకి అది బంగారమైందని కథ. ఆనాటి నుంచి ఈనాటి వరకు కర్ర పోయి ప్లాస్టిక్ వచ్చిందేమో గానీ, పడవలో నీళ్లు చేరడం, మనిషి వంగి తోడడం మాత్రం మారలేదు.

ఇదే సమస్యకు మరో కొసన ఉంది సముద్ర కయాక్. దాదాపు ఐదు మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్లకు మించని వెడల్పు ఉండే సన్నని పడవ ఇది. మనిషి నడుము వరకు అందులో దూరి, కాళ్లు ముందుకు చాచి కూర్చుంటాడు. నీళ్లు లోపలికి రాకుండా నడుము చుట్టూ స్ప్రే స్కర్ట్ అనే గుడ్డను బిగిస్తాడు. రెండు వైపులా ఆకులున్న తెడ్డుతో పడవను నడుపుతాడు. వినోదంగా మొదలైన ఈ ఆట ఇప్పుడు మన తీరాల్లోనూ కనిపిస్తోంది. విశాఖ రుషికొండలో గంటసేపు తెడ్డు వేసి వచ్చే పర్యాటకులకు అలలు సరదాగానే ఉంటాయి. కానీ తీరం విడిచి దూరం వెళ్లేవారికి ఒక క్షణం వేరుగా ఉంటుంది. పడవ బోర్లా పడుతుంది. తిప్పి నిలబెట్టే ప్రయత్నం ఫలించదు. మనిషి బయటపడి, పడవను సరిచేసి, మళ్లీ ఎక్కుతాడు. అప్పుడు అతను కూర్చునేది పడవలో కాదు, నీటి తొట్టెలో. అక్కడ పని మొదలవుతుంది బిల్జ్ పంపుకు. అంటే పడవ అడుగున చేరిన నీటిని తోడిపోసే పంపుకు.

లెక్క చిన్నది, చిక్కు పెద్దది

కయాక్ వాళ్లు ఎక్కువగా వాడేది ఒక ప్లాస్టిక్ గొట్టం, లోపల పిస్టన్, పైన పిడి. గొట్టం లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు, పిడి లాగే దూరం 30 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కో లాగుడుకు వచ్చేది సుమారు 600 మిల్లీలీటర్లు. నిమిషానికి 50 సార్లు లాగితే 30 లీటర్లు. కూర్చునే గదిలో 120 లీటర్ల నీరు చేరిందనుకుంటే ఖాళీ కావడానికి నాలుగు నిమిషాలు.

ఇప్పుడు మరో లెక్క చూడండి. 120 లీటర్ల నీటిని పడవ అడుగు నుంచి అంచు దాకా, అంటే సుమారు 40 సెంటీమీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి 470 జౌళ్లు. ఇంట్లో 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్‌ను నేల మీంచి నడుము ఎత్తుకు రెండున్నర సార్లు ఎత్తినంత పని. నాలుగు నిమిషాలకు పంచితే రెండు వాట్లు. పదేళ్ల పిల్లాడికైనా ఇది భారం కాదు. అయినా పంపు కొట్టినవాడి చేతులు పీకుతాయి. మరి ఆ శ్రమంతా ఎటు పోతోంది?

కొంత ఉప్పు పేరుకుని బిగిసిన వాషరును గొట్టంలో అటూ ఇటూ లాగడానికి పోతుంది. కొంత నీటిని ఇరుకు కవాటంలోంచి వేగంగా తోసేందుకు ఖర్చవుతుంది. ఊగే పడవలో పంపు జారకుండా ఒక చేత్తో గట్టిగా పట్టుకోవడానికి మరికొంత. అన్నిటికీ మించి అసలు ఖర్చు శక్తి లెక్కలో కనిపించనే కనిపించదు. అది చేతులది. ఒక చెయ్యి గొట్టాన్ని, రెండో చెయ్యి పిడిని పట్టుకుంటే తెడ్డు పట్టడానికి మూడో చెయ్యి లేదు. కయాక్‌లో తెడ్డు నడిపే సాధనం మాత్రమే కాదు, పడిపోకుండా నిలిపే ఊతకర్ర కూడా. పడవ బోల్తా పడిందంటేనే అక్కడ అలలు బలంగా ఉన్నాయని అర్థం. సరిగ్గా అక్కడే నాలుగు నిమిషాల పాటు ఊతకర్రను పక్కన పెట్టమంటోంది ఈ పంపు.

లోపలి నీరు ఊరుకోదు కూడా. పడవ ఎటు వాలితే అటు పరుగెత్తి వాలును మరింత పెంచుతుంది. పళ్లెంలో నీళ్లు పోసి నడిచి చూసినవారికి ఈ సంగతి తెలుసు. పైగా పంపు లోపలికి దూర్చాలంటే స్కర్ట్ కొంత విప్పి ఉంచాలి. ఆ సందులోంచి తర్వాతి అల మళ్లీ నీరు పోస్తుంది. హుగ్లీ లాంటి చోట పడవ నిలిచీ ఉండదు. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో లాగే పాటులో నాలుగు నిమిషాలంటే 300 మీటర్లకు పైగా కొట్టుకుపోవడం. ఆ దూరంలో ఒక వంతెన స్తంభమో, లంగరు వేసిన బార్జో ఉండవచ్చు.

భయపడిన మనిషి చేతిలోని బకెట్టును మించిన పంపు లేదని నావికుల్లో పాత మాట ఒకటుంది. లెక్కకు అది నిజమే. పది లీటర్ల బకెట్టుతో నిమిషానికి 20 సార్లు తోడితే 200 లీటర్లు. కానీ కయాక్‌లో కూర్చున్నవాడి ఒడికీ పడవ అంచుకూ మధ్య బకెట్టు దూరే చోటే లేదు. పంపు అవసరమైంది అందుకే.

ఏ పంపు ఎలా

చేతిలో పట్టే పిస్టన్ పంపు: చవక, తేలిక. ఒక పడవ నుంచి మరో పడవకు ఇచ్చి సాయపడవచ్చు. నురుగు పట్టీ తొడిగితే నీటిలో పడినా తేలుతుంది. రెండు చేతులూ కావాలి, స్కర్ట్ విప్పాలి. ఇసుక పడితే వాషరు అరుగుతుంది.

పైకప్పుకు బిగించే మీట పంపు: లోపల పిస్టన్ బదులు రబ్బరు పొర ఉబ్బి కుంగుతుంది. రాపిడి తక్కువ, ఇసుక రేణువులు కవాటాల్లోంచి జారిపోతాయి. ఒక చెయ్యి చాలు, స్కర్ట్ విప్పనక్కర్లేదు. 1970లు, 80లలో బ్రిటిష్ కయాక్‌ల మీద హెండర్సన్ చింప్ అనే ఇలాంటి పంపు బాగా కనిపించేది. అయితే పంపు వెనకవైపు ఉంటే నడుము తిప్పి కొట్టాలి. అది నిలకడకు చేటు.

కాలి పంపు: పాదాల ముందున్న అడ్డగోడకు బిగిస్తారు. చేతులు రెండూ తెడ్డుకే. ఒక్కో తొక్కుడుకు వచ్చే నీరు తక్కువ. పాడైతే సముద్రంలో అక్కడికి చెయ్యి చేరదు.

బ్యాటరీ పంపు: మీట నొక్కితే చాలు. ఉప్పునీటిలో వైరింగు తుప్పు పడితే అదీ చాలు, ఆగిపోవడానికి. దీన్ని నమ్ముకున్నవారు కూడా చేతిపంపు వెంట ఉంచుకుంటారు.

తెప్పకు లేని సమస్య

పంపు గురించి ఇంతగా ఆలోచించే ముందు అసలు పంపే అక్కర్లేని పడవ ఒకటుందని తెలుగు తీరానికి వేరే చెప్పనక్కర్లేదు. దుంగలు పక్కపక్కన చేర్చి తాళ్లతో కట్టిన తెప్పకు అడుగు గది లేదు. పైనుంచి పడిన అల దుంగల సందుల్లోంచి కిందికి పోతుంది. దాన్ని ముంచడం కష్టం. తడవకుండా ఉండటం మాత్రం అసాధ్యం. 1970లలో అమెరికాలో పుట్టి, ఇప్పుడు రుషికొండ వంటి చోట్ల పర్యాటకులు ఎక్కే 'సిట్ ఆన్ టాప్' కయాక్ సూత్రం కూడా ఇదే. పైన కూర్చుంటారు. పడిన నీరు పడవను నిలువునా తొలిచిన రంధ్రాల్లోంచి తనంతట తానే దిగిపోతుంది.

దానికి పూర్తిగా ఎదురు కొస మసూలా పడవ. మేకులు లేకుండా పలకలను కొబ్బరితాడుతో కుట్టి చేసే ఈ పడవ అలల దెబ్బకు విరగకుండా వంగుతుంది. వంగినప్పుడల్లా కుట్లలోంచి నీరు ఊరుతుంది. ఓడరేవులు లేని రోజుల్లో కోరమాండల్ తీరమంతా ఓడలకూ ఒడ్డుకూ మధ్య సరుకులు చేర్చింది ఈ పడవలే. వాటిలో తెడ్డు వేసేవారితో పాటు నీళ్లు తోడేందుకే ప్రత్యేకంగా ఒకరిద్దరు ఉండేవారు. అంటే మన పెద్దలు చేతుల సమస్యను మనిషిని పెంచి పరిష్కరించారు. ఒంటరి కయాక్ మనిషికి ఆ వీలు లేదు.

మధ్యేమార్గం ఒకటుంది. లోపలికి వచ్చే నీటినే తగ్గించడం. 1975లో బ్రిటన్‌లో ఫ్రాంక్ గుడ్‌మన్ రూపొందించిన నార్డ్‌కాప్ కయాక్‌కు పేరు తెచ్చిన అంశాల్లో నీరు చొరని అడ్డగోడలు ఒకటి. కూర్చునే గదికి ముందూ వెనకా గోడలు కట్టి, మిగతా పడవను మూసేస్తే నీరు చేరేది మధ్య గదిలోకే. ఆ గోడలను పాదాలకూ వీపుకూ ఎంత దగ్గరగా జరిపితే పంపుకు అంత పని తగ్గుతుంది. గదిలో పట్టే నీరు 120 లీటర్ల నుంచి 80కి దిగితే, పంపులో ఏమీ మార్చకుండానే నాలుగు నిమిషాల పని రెండు నిమిషాల 40 సెకన్లకు వస్తుంది. తోడు ఉంటే ఇంకా మేలు. తోటి కయాక్ మనిషి బోల్తాపడిన పడవ ముక్కును తన పడవ మీదికి లాగి బోర్లించి ఎత్తితే నీరు చాలావరకు తనంతట తానే కారిపోతుంది. పంపు మీద ప్రాణం ఆధారపడేది ఎక్కువగా ఒంటరివాడికీ, అలలు తోడును దగ్గరికి రానివ్వని వేళకూ.

ఒంటరివాళ్లు ఈ తీరానికి కొత్త కాదు. 1932లో జర్మనీలోని ఉల్మ్ దగ్గర డాన్యూబ్ నదిలో మడత కయాక్ దించిన ఆస్కర్ స్పెక్ ఏడేళ్ల తర్వాత ఆస్ట్రేలియా ఏలుబడిలోని దీవికి చేరేనాటికి మద్రాసు మీదుగా కలకత్తా దాకా మన తూర్పు తీరాన్నీ దాటాడు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలు కావడంతో అతనికి దక్కింది సన్మానం కాదు, నిర్బంధ శిబిరం. 1969లో పినాకీ ఛటర్జీ, జార్జ్ ఆల్బర్ట్ డ్యూక్ 'కన్హోజీ ఆంగ్రే' అనే తెడ్ల పడవలో కలకత్తా నుంచి అండమాన్ చేరారు. నెల రోజులకు పైగా సాగిన ఆ యాత్ర మొదలైంది ఈ హుగ్లీ నీటి మీదే.

ఏతం చెప్పే పాఠం

చేతులు ఖాళీగా ఉంచి నీరు తోడటం ఎలా అన్న ప్రశ్నకు జవాబు మన పొలాల్లోనే ఉంది. ఏతం మీద మనిషి అటూ ఇటూ నడుస్తాడు. నీటిని ఎత్తేది అతని ఒంటి బరువు, కాళ్లు. చేతులతో రోజంతా తోడలేని మనిషి కాళ్లతో గంటల తరబడి తొక్కగలడు. బంగ్లాదేశ్‌లో ఇదే సూత్రం 1980 ప్రాంతంలో కొత్త రూపం ఎత్తింది. రంగ్‌పూర్ దినాజ్‌పూర్ ప్రాంతంలో పనిచేసిన నార్వే ఇంజనీర్ గున్నార్ బార్న్స్ వెదురు తొక్కుడు కర్రలతో, రెండు సిలిండర్లతో చౌకగా తయారయ్యే పంపును రూపొందించారు. తర్వాత అది సరిహద్దు దాటి మన దేశంలోని చిన్న రైతుల దగ్గరికి 'కృషక్ బంధు' పేరుతో చేరింది.

కయాక్ మనిషి నిలబడి తొక్కలేడు, నిజమే. అయినా తెడ్డు వేసేటప్పుడు అతని పాదాలు ముందున్న ఆనుడు బల్లలను కుడి ఎడమలుగా నొక్కుతూనే ఉంటాయి. ఆ నొక్కుడునే రెండు చిన్న రబ్బరు పొరల పంపులకు కలిపితే? తెడ్డు వేస్తూ ఉంటేనే నీరు పోతుంది. పాదం ఒక్కో నొక్కుడుకు 200 మిల్లీలీటర్లే తోసినా, నిమిషానికి 60 నొక్కుళ్లకు 12 లీటర్లు. 120 లీటర్లకు పది నిమిషాలు. చేతిపంపు కన్నా ఆరు నిమిషాలు ఎక్కువ. కాగితం మీద ఇది ఓడిపోయిన పంపే. కానీ ఆ పది నిమిషాలూ స్కర్ట్ బిగించే ఉంటుంది, తెడ్డు చేతిలో ఉంటుంది, పడవ ముక్కు అలకు ఎదురుగా ఉంటుంది. పైగా మనిషి ఒడ్డు వైపు కదులుతూ ఉంటాడు. ఏది మెరుగైన పంపు?

చేతిపంపు మానేయాలని దీని అర్థం కాదు. దాన్నీ ఒంటిచేతి పంపుగా మార్చవచ్చు. సీటు ముందు గొట్టాన్ని నిలబెట్టే చిన్న బిగింపు పెడితే ఒక చెయ్యి మిగులుతుంది. నీరు పడే చోట వంపు గొట్టం తొడిగితే తోడిన నీరు మళ్లీ ఒళ్లో పడదు. అడుగున జల్లెడ ఉంటే నాచు, ఇసుక కవాటంలో ఇరుక్కోవు. గొట్టం వ్యాసాన్ని 5 నుంచి 7 సెంటీమీటర్లకు పెంచితే ఒక్కో లాగుడుకు దాదాపు రెట్టింపు నీరు వస్తుంది. లాగాల్సిన నీటి బరువు ముప్పావు కిలో నుంచి కిలోన్నరకే పెరుగుతుంది. కాకపోతే లావుపాటి పంపును సీటు పక్కన ఇరికించడమే కష్టం. చివరి అంగుళం నీటిని ఏ పంపూ తోడదు. దానికి స్పాంజి ముక్కే దిక్కు.

బోరింగు నడిచిన దారి

పంపును మెరుగుపరచడమంటే ఏమిటో ఈ దేశానికి ఒకసారి అనుభవమైంది. పల్లెల్లో ఒకప్పటి పోత ఇనుప బోరింగులు ఒక కుటుంబం వాడకానికి పనికివచ్చేవి. ఊరంతా కొడితే విరిగేవి. 1970ల చివర్లో యునిసెఫ్ తోడ్పాటుతో, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారంలో రూపుదిద్దుకున్న ఇండియా మార్క్-2 ఆ చిక్కు తీర్చింది. అది విరగలేదు. అయితే వాషరు మార్చాలన్నా పైపులన్నీ పైకి లాగాలి, దానికి వ్యాను, మనుషులు రావాలి. తర్వాత వచ్చిన మార్క్-3 ఎక్కువ నీరు ఇవ్వలేదు. పైపులను కదపకుండానే పిస్టన్‌ను బయటికి తీసే వీలు ఇచ్చింది. మరమ్మతును ఊరి మనిషి చేతికి తెచ్చింది. బంగ్లాదేశ్‌లో పుట్టిన తారా పంపు మరో అడుగు ముందుకెళ్లింది. మీట తీసేసి, ప్లాస్టిక్ గొట్టంలో గాలి నింపిన కడ్డీని నేరుగా పైకీ కిందికీ ఆడించేలా చేశారు. చూస్తే కయాక్ చేతిపంపుకు పెద్దన్నే.

ఆ అనుభవం ఇక్కడ పనికివస్తుంది. చాలా కయాక్ పంపులు విప్పడానికి వీలు లేకుండా అతికించి వస్తాయి. పది రూపాయల వాషరు పోతే మొత్తం పారేయాలి. ఆ సంగతి తెలిసేది సాధారణంగా పంపు అవసరమైన రోజునే. పనిముట్లు లేకుండా చేత్తో తిప్పి విప్పగలిగే మూత, ఏ బజారులోనైనా దొరికే కొలత వాషరు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. లేత్ షాపులకూ పోత పనికీ హౌరా పెట్టింది పేరు. ఇక షాలిమార్ పక్కనే శిబ్‌పూర్‌లో ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఉంది. ఖరగ్‌పూర్ ఐఐటీలో నౌకా నిర్మాణ విభాగం 1952 నాటిది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మెరైన్ ఇంజనీరింగ్ నేర్పుతోంది. ఈ పంపు వారిలో ఎవరికీ పెద్ద పరీక్ష కాదు. చిన్నది కావడమే బహుశా దాని దురదృష్టం.

పరీక్ష మారాలి

ఇంతకీ చిక్కు ఎక్కడుంది? కొలతలో ఉంది. పంపును నిమిషానికి ఎన్ని లీటర్లన్న అంకెతో అమ్ముతారు, అదే అంకెతో కొంటారు. ఆ అంకె నిలకడైన తొట్టె దగ్గర, గట్టి నేల మీద నిలబడిన మనిషి చేతిలో వచ్చేది. కొలవాల్సింది వేరు. నీట మునిగి, ఈది, ఆయాసంతో మళ్లీ ఎక్కిన మనిషి, అలల మీద, స్కర్ట్ బిగించి, తెడ్డు వదలకుండా పడవను ఎంతసేపట్లో నిలకడకు తెచ్చాడన్నది. ఆ పరీక్షలో 30 లీటర్ల పంపు 12 లీటర్ల పంపు చేతిలో ఓడిపోవచ్చు. వినోద క్రీడల నిర్వాహకులు పరికరాలు కొనేటప్పుడు ఈ ఒక్క పరీక్ష అడిగితే తయారీదారుల దృష్టి కూడా మారుతుంది.

ఈ మార్పు కయాక్ దగ్గరే ఆగనక్కర్లేదు. అంతర్గత జలరవాణాకు 2021లో వచ్చిన కొత్త నౌకల చట్టం యంత్రాలు లేని పడవలనూ లెక్కలోకి తీసుకుంది. పడవకు నంబరు వేయడం ఒక పని. అందులో పనికివచ్చే తోడుపంపు ఉందా అని చూడటం మరో పని. తెప్పల స్థానంలో ఫైబర్ బోట్లు వచ్చాక తెలుగు మత్స్యకారుడు కూడా అడుగున నీరు నిలిచే పడవలోకి మారాడు. రాత్రివేళ గాలి తిరిగినప్పుడు ఇంజను పట్టుకున్నవాడు ఒకడు, డబ్బాతో తోడేవాడు ఒకడు. అతనికి కావలసిందీ అదే: ఇసుక పడ్డా ఆగని, చేతులు కట్టేయని, ఊళ్లోనే బాగయ్యే పంపు. సరదాకు సముద్రంలోకి వెళ్లేవాడి కోసం తయారైన వస్తువు బతుకుతెరువుకు వెళ్లేవాడికి అందితే ఆ శ్రమకు పూర్తి ఫలితం.

షాలిమార్ ఒడ్డున పాటు తీస్తుంది. ఒడ్డుకు చేరిన నాటుపడవలు బురదలో ఒక పక్కకు వాలతాయి. లోపల మిగిలిన నీరు కూడా అటే చేరుతుంది. పడవ మనిషి డబ్బా తీసుకుని వంగుతాడు. తెడ్డు పక్కన పెట్టి, రెండు చేతులతోనూ తోడతాడు. ఒడ్డున ఉన్నాడు గనుక అతనికి ఆ వెసులుబాటు ఉంది.